పాత మియాటాకి షాకులు, స్ప్రింగులు మార్చడం: డబ్బు ముందు షాకుల మీద పెట్టు

తమ్ముడూ, నువ్వడిగింది ఇదీ: 1995 మియాటా (మజ్దా వాళ్ల చిన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు), 1,30,000 మైళ్లు తిరిగింది, న్యూజెర్సీ ఎడిసన్‌లో కొన్నావు, షాకులు (షాక్ అబ్జార్బర్లు) ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే అనిపిస్తున్నాయి, గుంతలో పడితే దెబ్బ నడుం దాకా తగుల్తోంది, ఎవరో లోయరింగ్ స్ప్రింగులు, అంటే కారుని కిందికి దించే పొట్టి, గట్టి స్ప్రింగులు, చవగ్గా ఇస్తామంటున్నారు, వాటిని ఆ పాత షాకుల మీదే వేసేయొచ్చా, పని ఫ్రెండ్ గ్యారేజ్‌లో మనమే చేస్కోవచ్చా అని. పని మనమే చేస్కోవచ్చు, ఇద్దరుంటే ఒక శనివారం పడుతుంది, తుప్పు పట్టి ఉంటే ఆదివారం కూడా పోతుంది. ఆ స్ప్రింగులు మాత్రం వద్దు. ఎందుకు వద్దంటున్నానో కాస్త వివరంగా చెప్తా, ఈ కారు కొన్నవాళ్లలో చాలామంది డబ్బులు పెట్టి మరీ కారుని పాడుచేస్కునేది సరిగ్గా ఇక్కడే. నేనుండేది మిషిగన్, చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే ఊరు, ఇక్కడ ఈ తరం మియాటాల కింద పడుకుని చాలా కాలంగా పనిచేస్తున్నా కాబట్టి తుప్పు సంగతి కూడా చెప్పగలను.

ముందు కారు గురించి రెండు ముక్కలు. ఈ మొదటి తరం 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో బయటికొచ్చింది, 1997 దాకా వచ్చింది, ప్రాజెక్టుకి పెద్ద తోషిహికో హిరాయ్. గుర్రం, రౌతు ఒకటే ప్రాణంగా కదలాలి అనేది ఆయన పెట్టుకున్న లక్ష్యం. అందుకే బరువు దాదాపు ఒక టన్ను దగ్గర ఆపారు, నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైన ఒకటి, కింద ఒకటి ఆర్మ్ పట్టుకునే సస్పెన్షన్) ఇచ్చారు, ఆ రోజుల్లో ఈ ధరలో అది మామూలు విషయం కాదు. నీ 1995లో 1.8 లీటర్ ఇంజను, 128 హార్స్‌పవర్, అంటే ఈ కారు మజా ఇంజన్లో లేదు, మొత్తం సస్పెన్షన్లోనే ఉంది. షాకులు చచ్చిపోయిన మియాటా నడిపి ఇదేం స్పోర్ట్స్ కార్ అనేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, వాళ్లు అసలు కారుని ఇంకా నడపలేదు.

షాకులు పోయాయని తేల్చుకునే ముందు టైర్లు చూడు. టైర్ పక్కన డాట్ అని మొదలయ్యే కోడ్ ఉంటుంది, దాని చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఈ కార్లు ఎక్కువగా గ్యారేజ్‌లో పడుకుని ఉంటాయి కాబట్టి టైర్ గాడులు నిండుగా కనిపిస్తాయి గానీ రబ్బరు పదేళ్ల పాతదై గట్టిపడిపోయి ఉంటుంది, దాంతో రైడ్ గరుగ్గా ఉంటుంది, వానలో వెనక జారుతుంది, జనం షాకుల్ని తిడతారు. ఇంకోటి, పాత ఓనర్ 17 అంగుళాల చక్రాలు వేశాడేమో చూస్కో, ఫ్యాక్టరీ సైజు 185/60 ఆర్14, ఆ పొడవాటి సైడ్‌వాల్ చేసే పనిని ఏ ఖరీదైన షాకూ చెయ్యలేదు.

తర్వాత కార్ మూల మీద చేత్తో నొక్కి వదిలే పరీక్ష, అది అందరూ చెప్తారు గానీ పూర్తిగా నమ్మకు. షాక్ పూర్తిగా చచ్చిపోతే తెలుస్తుంది, సగం చచ్చింది ఆ పరీక్షలో పాసైపోతుంది. దానికంటే చక్రం పక్కనుంచి టార్చ్ వేసి షాక్ ఒంటి మీద నూనె కారిన తడి ఉందా, దాని మీద దుమ్ము పట్టి నల్లగా పేరుకుందా చూడు. టైర్ మీద చెయ్యి పెట్టి చుట్టూ తిప్పితే అక్కడక్కడా గుంతలు గుంతలుగా అరిగినట్టు తగిలిందంటే అది చక్రం రోడ్డు మీద ఎగిరెగిరి పడుతున్న గుర్తు. ఎగ్జిట్ ర్యాంప్ తిరుగుతున్నప్పుడు మధ్యలో అతుకు దాటితే వెనక భాగం పక్కకి ఒక అడుగు వేసినట్టు అనిపిస్తోందా, అయితే ఇంక అనుమానమే అక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. కారు బరువు మోసేది స్ప్రింగ్, ఆ స్ప్రింగ్ ఊగుడుని ఆపేది షాక్. షాక్ లోపల నూనె సన్నటి దారుల్లోంచి, వాల్వుల్లోంచి బలవంతంగా వెళ్తుంది, ఆ కదలికంతా వేడిగా మారి పోతుంది, అంతే దాని పని. లక్ష మైళ్లు దాటేసరికి సీల్ అరుగుతుంది, గ్యాస్ తగ్గుతుంది, నూనెలో నురుగొస్తుంది, పట్టు పోతుంది. స్ప్రింగ్ మాత్రం ఉక్కు ముక్క, ముప్పై ఏళ్లకి కొద్దిగా కుంగొచ్చు, తుప్పుకి చివరి చుట్టు విరగొచ్చు, అంతకు మించి దానికేం కాదు. కాబట్టి నీ కార్లో చెడిపోయింది దాదాపు ఖాయంగా షాకులే, నువ్వు మార్చాలనుకుంటున్నది స్ప్రింగులు.

పైగా ఈ కార్లో ఇంకో చిక్కుంది. మియాటాకి ఫ్యాక్టరీ ఎత్తులోనే చక్రం పైకి లేవడానికి ఉన్న జాగా తక్కువ. షాక్ రాడ్ మీద నురుగు లాంటి మెత్తటి ముక్క ఉంటుంది, అదే బంప్ స్టాప్, చక్రం పైకొచ్చినప్పుడు షాక్ ఆఖరికి కొట్టుకోకుండా అది అడ్డం పడుతుంది. మిగతా కార్లలో ఇది ఎప్పుడో ఒకసారి పనిలోకొస్తే మియాటాలో మామూలు గుంతకీ, గట్టిగా తిరిగిన మలుపుకీ కూడా తగుల్తుంది, డిజైనే అలా చేశారు. ఇప్పుడు నువ్వు కారుని అంగుళం పావు కిందికి దించావనుకో, ఉన్న ఆ కాస్త జాగా కూడా తినేశావు, ఇంక కారు స్ప్రింగ్ మీద కాదు, బంప్ స్టాప్ మీద కూర్చుని నడుస్తుంది, అప్పుడు రైడ్ కర్ర మీద కూర్చున్నట్టు ఉండటమే కాదు, మలుపు మధ్యలో ఒక మూల ఉన్నట్టుండి బిగుసుకుపోయి టైర్ పట్టు వదిలేస్తుంది. దాన్ని జనం స్పోర్టీగా గట్టిగా ఉంది అనుకుంటారు. దానికి తోడు గట్టి స్ప్రింగుని అదుపు చెయ్యడానికి గట్టి షాక్ కావాలి, చచ్చిపోయిన షాక్ మీద గట్టి స్ప్రింగ్ వేస్తే ఊగుడు ఇంకా పెరుగుతుంది. అందుకే ఆ చవక స్ప్రింగులు వద్దన్నా.

మరి ఏం కొనాలి అంటే, నీ వాడకం బట్టి. ఎక్కువగా ఊళ్లో తిరగడం, వీకెండ్ కొండదారుల్లో ఒక రౌండ్ అంటే నీ ఫ్యాక్టరీ స్ప్రింగులే ఉంచుకుని బిల్‌స్టీన్ బీ6 షాకులు వెయ్యి, నా లెక్కలో పెట్టిన డబ్బుకి అదే ఎక్కువ సుఖం. ఇవి మోనోట్యూబ్, అంటే ఒకే గొట్టం ఉండే రకం, లోపల గ్యాస్ ప్రెషర్ ఎక్కువ, చిన్న చిన్న అతుకుల మీద కొంచెం తెలుస్తాయి గానీ పెద్ద గుంతలో కారుని పట్టుకునే తీరు వేరు. మజ్దా వాళ్లే 1994 నుంచి ఇచ్చిన ఆర్ ప్యాకేజ్‌లో ఫ్యాక్టరీ నుంచే బిల్‌స్టీన్లు వచ్చాయి, అంటే ఈ జోడీ కుదురుతుందని వాళ్లకీ తెలుసు. బడ్జెట్ తక్కువైతే కేవైబీ ఎక్సెల్-జీ, ఇది దాదాపు ఫ్యాక్టరీ లాంటిది, మెత్తగా ఉంటుంది, అందులో తప్పేం లేదు, కొత్త మెత్తటి షాక్ చచ్చిన ఖరీదైన షాక్ కంటే ఎప్పుడూ మేలే.

కొంచెం కిందికి దించి తీరాలి, లుక్ కావాలి అంటే కోనీ స్పోర్ట్, ఆ పసుపుపచ్చవి. వాటిల్లో స్ప్రింగ్ కూర్చునే సీటుని రెండు ఎత్తుల్లో పెట్టుకునే గాడులు ఉంటాయి, పైనుంచి తిప్పి రీబౌండ్, అంటే నొక్కుకున్న స్ప్రింగ్ తిరిగి సాగేటప్పుడు షాక్ పట్టే పట్టు, అడ్జస్ట్ చేస్కోవచ్చు. స్ప్రింగులు కూడా పేరున్న కంపెనీవి కొత్తవి కొను, సెకండ్ హ్యాండ్‌లో కోసిన స్ప్రింగులు, ఏ కారువో తెలియనివి చాలా తిరుగుతుంటాయి. ఎత్తు కొలిచేటప్పుడు నేల నుంచి కొలవకు, టైర్ సైజు బట్టి లెక్క మారిపోతుంది, చక్రం మధ్య బిందువు నుంచి ఫెండర్ అంచు దాకా కొలువు. అది 12.5 అంగుళాల కిందికి పోతే రోడ్డు మీద నడిపే కారుకి మంచిది కాదని నా అభిప్రాయం, వెనక ముందుకంటే కొద్దిగా ఎత్తే ఉండాలి. పని మొదలెట్టే ముందే నాలుగు మూలలూ కొలిచి రాస్కో, తర్వాత కొత్త స్ప్రింగ్ వంకరగా కూర్చుందా లేదా తేల్చడానికి ఆ కాగితమే ఆధారం.

ఆన్‌లైన్‌లో నాలుగు మూలలకీ కలిపి ఒక మంచి షాక్ సెట్ కంటే తక్కువ ధరకి దొరికే కాయిలోవర్లు (షాక్, స్ప్రింగ్ కలిపి ఒకే ముక్కగా, ఎత్తు మార్చుకునేలా వచ్చేవి) చూసి ఆశపడకు. ఎత్తు తిప్పుకోవచ్చు, ముప్పై రెండు క్లిక్కులు అని రాస్తారు, లోపల వాల్వింగ్ ఎలా ఉందో ఎవరికీ తెలీదు, మన రోడ్ల మీద రెండు చలికాలాలు గడిచాక ఆ థ్రెడ్లు తుప్పుతో బిగుసుకుని ఇంక తిరగవు.

షాకులతో పాటు చిన్న సామాన్లు తప్పకుండా ఆర్డర్ చెయ్యి: బంప్ స్టాపులు, డస్ట్ బూట్లు, స్ప్రింగ్ కింద పైన వచ్చే రబ్బరు ముక్కలు, టాప్ మౌంట్లు (షాక్ పై చివరని కారు ఒంటికి పట్టి ఉంచేవి), ఎండ్ లింకులు (మలుపులో కారు ఒరగకుండా చూసే స్వే బార్‌ని ఆర్మ్‌కి కలిపేవి), కొత్త నట్లు. పాత బంప్ స్టాప్ బయటికి తీసినప్పుడు చూస్తావుగా, వేళ్లతో పట్టుకుంటే అప్పడంలా పొడిపొడిగా రాలిపోతుంది, నీకు నడుం దాకా తగుల్తోందన్న దెబ్బలో సగం అదే, అక్కడ స్టాప్ అనేదే మిగల్లేదు, షాక్ లోహం మీద లోహం కొట్టుకుంటోంది. టాప్ మౌంట్ల విషయంలో ఒక మంచి కిటుకుంది, 1999 నుంచి వచ్చిన రెండో తరం మియాటా టాప్ మౌంట్లు మన మొదటి తరానికి కూడా ఎక్కుతాయి, వాటితో చక్రం పైకి లేచే జాగా కొంచెం పెరుగుతుంది. ఎలాగూ పాతవి మార్చాలి కాబట్టి అవే తెప్పించుకో, నువ్వు కొనే షాకులకి సరిపడే బుష్షులు (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగులు), వాషర్లు కూడా కలిపి ఇచ్చే కిట్ అయితే తలనొప్పి ఉండదు.

ఇంక తుప్పు. న్యూజెర్సీ కారంటున్నావు, పని రోజుకి రెండ్రోజుల ముందు నుంచే అన్ని బోల్టుల మీద పీబీ బ్లాస్టర్ లాంటి తుప్పు వదిలించే నూనె కొట్టి నానబెట్టు, సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి. అన్నిటికంటే ఏడిపించేది షాక్ కింది బోల్టు, ముఖ్యంగా వెనకది, బోల్టు బుష్ లోపలి గొట్టానికి అతుక్కుపోతుంది, తల తిరుగుతున్నట్టే ఉంటుంది గానీ రబ్బరు మెలి తిరుగుతోంది తప్ప బోల్టు కదలట్లేదు. అలాంటప్పుడు ఎలాగూ షాక్ పారేసేదే కాబట్టి రెసిప్రొకేటింగ్ రంపంతో కోసెయ్యి, కొత్త బోల్టు ముందే తెప్పించి పెట్టుకో. మంట పెట్టే టార్చ్ మాత్రం వెనక వైపు వాడొద్దు, పక్కనే బ్రేక్ హోస్, పైన పెట్రోల్ పోసే గొట్టం, సీట్ల వెనక ట్యాంకు ఉన్నాయి.

పనిముట్లు ఎక్కువేం అక్కర్లేదు. 14, 17 ఎంఎం సాకెట్లు, రెంచులు, చక్రాలకి 21, పొడుగు బ్రేకర్ బార్, టార్క్ రెంచ్, నాలుగు మంచి జాక్ స్టాండులు. స్ప్రింగ్ కంప్రెసర్ కొననక్కర్లేదు, ఆటోజోన్ వాళ్లు డిపాజిట్ తీస్కుని ఇస్తారు, తిరిగిస్తే డబ్బు వెనక్కి ఇచ్చేస్తారు. తెచ్చాక దాని మరలకి గ్రీజు పెట్టు, కొక్కేలు వంగున్నాయేమో చూడు, వంగుంటే ఇంకోటి అడుగు.

కారు లేపేటప్పుడు ముందు వైపు క్రాస్‌మెంబర్ (అడ్డంగా ఉండే ఉక్కు దూలం) మధ్యలో, వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్యనున్న గేర్ల డబ్బా) కింద జాక్ పెట్టు, స్టాండులు పక్కనున్న పించ్ వెల్డ్ (తలుపుల కింద పొడుగ్గా ఉండే రేకు అంచు) దగ్గర గట్టిగా చేసిన చోట్ల. గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్ దాకా పొడుగ్గా ఒక అల్యూమినియం ఫ్రేమ్ కనిపిస్తుంది, చూడ్డానికి జాక్ పెట్టడానికే ఉన్నట్టుంటుంది, దాని మీద మాత్రం పెట్టకు, వంగితే పెద్ద ఖర్చు. కారు స్టాండుల మీద కూర్చున్నాక రెండు చేతులతో గట్టిగా ఊపి చూడు, కదిలితే దించి మళ్లీ పెట్టు, కింద దూరేది మనం.

వెనక నుంచి మొదలెట్టు, అది తేలిక, చెయ్యి తిరుగుతుంది. డిక్కీలో పక్కల అట్ట, కార్పెట్ తీస్తే పైన రెండు 14 ఎంఎం నట్లు కనిపిస్తాయి. ముందు వాటిని కొంచెం వదులు చేసి వదిలెయ్యి, పూర్తిగా తియ్యకు. కింద స్వే బార్ ఎండ్ లింకులు రెండు పక్కలా ఊడదియ్యి, ఒకటే తీస్తే రెండోది బార్‌ని లాగి పట్టుకుని నీతో కుస్తీ పడుతుంది. తర్వాత షాక్ కింది బోల్టు, ఆ తర్వాత పై నట్లు తీసేసి ఒకళ్లు ఆర్మ్‌ని కాలితో కిందికి తొక్కితే ఇంకొకళ్లు షాక్‌ని వంచి బయటికి లాగెయ్యొచ్చు. తొక్కేటప్పుడు బ్రేక్ హోస్ బిగుసుకుంటోందేమో ఒక కన్నేసి ఉంచు.

ముందు వైపు కొంచెం ఇరుకు. పై కంట్రోల్ ఆర్మ్‌ని (చక్రాన్ని పైనుంచి పట్టుకునే ఆర్మ్) సబ్‌ఫ్రేమ్‌కి పట్టి ఉంచే పొడుగాటి బోల్టు ఒకటి ఉంటుంది, 17 ఎంఎం, అది లాగేస్తే ఆర్మ్ మొత్తం పక్కకి వాలుతుంది, షాక్ హాయిగా బయటికొస్తుంది. ఆ బోల్టు తుప్పుతో రాకపోతే దాన్ని బాది థ్రెడ్లు పాడుచెయ్యకు, కింది బాల్ జాయింట్‌ని ఆర్మ్‌కి పట్టి ఉంచే బోల్టులు తీసి కూడా జాగా తెచ్చుకోవచ్చు, ఉప్పు రోడ్ల ఊళ్లలో చాలామంది ఈ దారే పట్టుకుంటారు. ఏ దారైనా హబ్ (చక్రం బిగించే భాగం) మొత్తాన్ని ఒక తాడుతో పైకి కట్టెయ్యి, బ్రేక్ హోస్‌కి వేలాడనివ్వకు.

షాక్ బయటికొచ్చాక తొందరపడి స్ప్రింగ్ నొక్కడం మొదలెట్టకు. ముందు పెయింట్ మార్కర్ తీస్కుని టాప్ మౌంట్ బోల్టులు, స్ప్రింగ్ చివర, షాక్ కింది కన్ను (బోల్టు దూరే రంధ్రం) ఒకదానికొకటి ఎలా ఉన్నాయో గీతలు పెట్టు, ఫోన్లో ఫోటో కూడా తియ్యి. ఇది చెయ్యకపోతే అంతా బిగించాక పై బోల్టులు కన్నాల్లోకి పోవు, మళ్లీ మొత్తం నొక్కి తిప్పాలి. కంప్రెసర్లు రెండూ ఎదురెదురుగా పెట్టి, చేతి రాట్చెట్‌తో ఇటు కొంచెం అటు కొంచెం బిగించు, ఇంపాక్ట్ గన్ వాడకు. స్ప్రింగ్ సీటు మీద వదులుగా కదులుతోంది అనిపించాకే రాడ్ మీది నట్ తియ్యి, ఆ సమయంలో నీ మొహం గానీ నీ ఫ్రెండ్ మొహం గానీ రాడ్‌కి ఎదురుగా ఉండకూడదు. నొక్కి ఉన్న స్ప్రింగులో ఉన్న బలం ఎముక విరిచేంత ఉంటుంది, ఈ మొత్తం పనిలో నిజంగా భయపడాల్సింది ఈ ఒక్క చోటే. ఆ పని చేతకాదనిపిస్తే సిగ్గేం లేదు, షాకులు విప్పి పట్టుకెళ్తే కొద్ది డబ్బుకి స్ప్రింగులు మార్చిచ్చే షాపులుంటాయి. బిగించేటప్పుడు స్ప్రింగ్ చివర సీటులో గాడికి ఆని ఉందా చూస్కో, ముందు స్ప్రింగులు వెనక స్ప్రింగులు వేరు, కలిపెయ్యకు.

ఇప్పుడు చాలామంది, షాపుల వాళ్లతో సహా, వదిలేసే సంగతి. సస్పెన్షన్‌లో నువ్వు వదులు చేసిన రబ్బరు బుష్ బోల్టులేవీ కారు గాల్లో ఉండగా ఫుల్ టైట్ చెయ్యకూడదు. ఆ బుష్ లోపల రబ్బరు రెండు గొట్టాలకీ అతుక్కుని ఉంటుంది, బోల్టు బిగిస్తే లోపలి గొట్టం ఫ్రేమ్‌కి బిగుసుకుపోతుంది, ఇంక ఆర్మ్ కదిలినప్పుడల్లా రబ్బరు మెలి తిరగాల్సిందే. చక్రం కిందికి వేలాడుతున్నప్పుడు బిగించావంటే, కారు నేల మీదికి దిగగానే ఆ రబ్బరు ఎప్పుడూ మెలి పడే ఉంటుంది, కారు ఎత్తుగా కూర్చుంటుంది, రైడ్ బిర్రుగా ఉంటుంది, రబ్బరు తొందరగా చీలిపోతుంది. అందుకని గాల్లో ఉండగా చేత్తో బిగినంత బిగించి, తర్వాత చక్రాలు ర్యాంపుల మీద పెట్టో, లేదా హబ్ కింద జాక్ పెట్టి నీ మామూలు ఎత్తు కొలత వచ్చేదాకా లేపో అప్పుడు టార్క్ రెంచ్ వెయ్యి. ప్రతి బోల్టుకీ టార్క్ మజ్దా వర్క్‌షాప్ మాన్యువల్లో ఉంటుంది, అది చూడకుండా అంచనాతో బిగించకు. చక్రం నట్లకి 65 నుంచి 87 ఫుట్ పౌండ్లు.

ఎత్తు మారినా మారకపోయినా అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం, చేయించాలి. ఈ కారులో కింది ఆర్ముల లోపలి బోల్టులు వంకర క్యామ్ బోల్టులు, ముందు క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం), క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం), వెనక క్యాంబర్, టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) వాటితోనే కదుల్తాయి, ముందు టో మాత్రం స్టీరింగ్ టై రాడ్లతో, నీ కార్లో అవి బిగుసుకుపోయి ఉండొచ్చు కాబట్టి వాటికి కూడా ముందే నూనె కొట్టు, లేకపోతే షాపువాడు టో ఒక్కటీ సరిచేసి పంపించేస్తాడు. రోడ్డు వాడకానికి నేను చెప్పే లెక్క: ముందు క్యాంబర్ మైనస్ 1 డిగ్రీ, క్యాస్టర్ 5 దగ్గర, వెనక క్యాంబర్ మైనస్ 1.5, టో రెండు వైపులా మొత్తం కలిపి 1/16 అంగుళం లోపలికి. ఈ కాగితం చేతికిచ్చి, చేసేటప్పుడు నీ బరువుకి సరిపడా ఏదైనా డ్రైవర్ సీట్లో పెట్టమను, ఇంత తేలిక కారుకి మన బరువు కూడా లెక్కలోకొస్తుంది. కారు దించితే లైట్లు లేపి గోడ మీద వెలుగు ఎక్కడ పడుతోందో కూడా చూస్కో.

కోనీ తీస్కున్నావంటే మొదట పూర్తి మెత్తగా పెట్టి కొన్ని రోజులు నడుపు, తర్వాత నాలుగో వంతు చుట్టు చొప్పున పెంచుకుంటూ పో, ముందు వెనక ఒకేసారి మార్చకు, ఏది ఏం చేసిందో తెలీదు. ఒకే రోడ్డు, ఒకే గుంత, ఒకే స్పీడు పెట్టుకుని చూడు. గుంత దాటాక కారు ఒక్కసారి లేచి కూర్చుండిపోతే చాలు, రెండోసారి ఊగితే ఇంకొంచెం పెంచు, వరసగా గుంతలొచ్చినప్పుడు కారు కిందికి కుంగిపోతున్నట్టు అనిపిస్తే పెంచింది ఎక్కువైంది, వెనక్కి రా. వంద మైళ్లు తిరిగాక అన్ని బోల్టులూ ఒకసారి టార్క్ రెంచ్‌తో మళ్లీ చూస్కో, నాలుగు మూలల ఎత్తు మళ్లీ కొలిచి ఆ కాగితంలో పక్కన రాయి. ఒక మూల తేడా అర అంగుళం దాటితే స్ప్రింగ్ సీటులో కూర్చోలేదనో, ఏదో బుష్ గాల్లో బిగించేశారనో అర్థం, ఆ కొలతలు ఇక్కడ పెట్టు, ఎక్కడ పట్టుకుందో చెప్తా.